లాఫ్టా, బేస్‌మెంటా? ఇంగ్లండ్‌లో ఇల్లు పెంచే ముందు మెట్ల సంగతి చూడండి

ఇంట్లో ఇంకో గది కావాలి, ఇల్లు మారే ఓపిక లేదు. ఇంగ్లండ్‌లో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో ఈ మాట మొదలైందంటే తర్వాతి ప్రశ్న లాఫ్టా (పైకప్పు కింది అటక), బేస్‌మెంటా (నేల కింది అంతస్తు) అన్నదే. బిల్డర్లు వస్తారు, ఎత్తు కొలుస్తారు, ధర చెబుతారు. మనం ఆ ధరల్నీ, ప్లానింగ్ పర్మిషన్ గొడవనీ, నేల కింది తడినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటాం. అగ్ని భద్రత మాత్రం చివర్లో గుర్తుకొస్తుంది. ఒక్కోసారి పని సగమయ్యాక బిల్డింగ్ కంట్రోల్ (నిర్మాణ నియమాల తనిఖీ విభాగం) ఇన్‌స్పెక్టర్ వచ్చి, “కింద హాల్‌కి గోడ ఏది? ఈ తలుపులన్నీ మార్చాలి కదా?” అంటే అప్పుడు బడ్జెట్ మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సి వస్తుంది.

ఈ వరస మార్చమనే నా సలహా. మీ ఇంటికి ఏది నప్పుతుందో తేల్చడానికి ముందుగా చూడాల్సింది ఇప్పుడున్న మెట్లు. అవి కింద ఎక్కడ దిగుతున్నాయి? అక్కడి నుంచి వీధి తలుపు దాకా దారి ఎలా ఉంది? మూసిన హాల్లోకి దిగి నేరుగా ముందు తలుపుకు వెళ్లే మెట్లయితే ఒక జవాబు వస్తుంది. గోడలన్నీ తీసేసిన పెద్ద ఓపెన్ ప్లాన్ గదిలోకి దిగితే జవాబు మారిపోతుంది.

ఇక్కడ చెప్పేవన్నీ ఇంగ్లండ్ నియమాలు. బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో మంటలకు సంబంధించిన భాగం పార్ట్ బి. దాన్ని ఎలా పాటించాలో వివరించే ప్రభుత్వ పుస్తకం అప్రూవ్డ్ డాక్యుమెంట్ బి. అందులో ఇళ్ల గురించి ఉన్నది మొదటి సంపుటం. ఇప్పుడు నడుస్తున్నది 2019 ఎడిషన్, దానికి తర్వాత సవరణలు వచ్చాయి. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లకు సొంత నియమాలున్నాయి. కార్డిఫ్‌లోనో గ్లాస్గోలోనో ఉండేవాళ్లు ఈ అంకెల్ని నేరుగా వాడుకోవద్దు. ఇంకో సంగతి, ఆ పుస్తకంలోని పద్ధతే ఏకైక పద్ధతి అని చట్టం అనదు. అంతే భద్రత వేరే విధంగా వస్తుందని ఇన్‌స్పెక్టర్‌ని ఒప్పించగలిగితే అదీ చెల్లుతుంది. కానీ ఒప్పించడానికి ఫైర్ ఇంజినీర్ ఫీజు ఇవ్వాలి, కాబట్టి మామూలు ఇంటికి పుస్తకం దారే చవక.

పొగ పైకి పోతుంది, మనిషి ఎటు పోవాలి?

రెండు పనులకీ ఉన్న తేడా అంతా పొగ నడకలోనే ఉంది. వంటింట్లోనో హాల్లోనో రాత్రి మంట అంటుకుంటే వేడి పొగ మెట్ల సందులోంచి పైకి పోయి ఇంట్లో అన్నిటికన్నా ఎత్తైన చోట పోగవుతుంది. లాఫ్ట్‌లో పడుకున్నవాళ్లు మంటకు దూరంగా ఉంటారు గానీ పొగకు దగ్గరగా ఉంటారు. పైగా కిందికి దిగి రావడానికి ఉన్నది ఆ మెట్లే. కిటికీలోంచి దూకుదామంటే చాలా ఎత్తు.

బేస్‌మెంట్‌లో ఇబ్బంది మరో రకం. మంట పైఅంతస్తులో ఉంటే కింద ఉన్నవాళ్లకు పొగ ఆలస్యంగా చేరుతుంది, నిజమే. కానీ బయటపడాలంటే వాళ్లు ఆ మంట ఉన్న అంతస్తులోకే ఎక్కి రావాలి. మంట బేస్‌మెంట్‌లోనే పుడితే మెట్లు పొగగొట్టంలా పనిచేస్తాయి. ఎక్కేవాళ్లు వేడి పొగతో పాటే ఎక్కాలి, ఆర్పడానికి వచ్చే ఫైర్‌ఫైటర్లు ఆ వేడికి ఎదురు దిగాలి. అందుకే బేస్‌మెంట్ నియమాలు “మెట్లు కాకుండా నేరుగా బయటికి దారి ఉందా?” అని అడుగుతాయి. లాఫ్ట్ నియమాలు “మెట్లు ఎంతసేపు నిలుస్తాయి?” అని అడుగుతాయి. మిగతా షరతులన్నీ ఈ రెండు ప్రశ్నల నుంచి వచ్చినవే.

4.5 మీటర్ల గీత

లాఫ్ట్ విషయంలో మొట్టమొదట తెలుసుకోవాల్సిన అంకె ఇది. కొత్త గది నేల బయటి భూమట్టం నుంచి 4.5 మీటర్లకు మించకపోతే, ఆ గదికి తప్పించుకునే కిటికీ ఉంటే సరిపోతుంది, లేదా రక్షిత మెట్లు (మంటను ఆపే గోడల మధ్య ఉన్న మెట్లు) ఉన్నా సరిపోతుంది. మించితే కిటికీ లెక్కలోకి రాదు.

ఒకే అంతస్తు ఉన్న బంగ్లాలో లాఫ్ట్ నేల ఈ గీతకు చాలా కింద ఉంటుంది. కాబట్టి బంగ్లా ఉన్నవాళ్లు అదృష్టవంతులు. అక్కడ లాఫ్ట్, బేస్‌మెంట్ పోటీయే లేదు. కళ్లు మూసుకుని లాఫ్ట్‌కి వెళ్లొచ్చు. సరైన కొలతల్లో కిటికీలు పెట్టుకుంటే కింది తలుపుల జోలికి పోనక్కర్లేదు.

ఆ కొలతలు కాస్త తిరకాసుగా ఉంటాయి. కిటికీ తెరిచినప్పుడు ఖాళీ కనీసం 0.33 చదరపు మీటర్లు ఉండాలి. ఎత్తుగానీ వెడల్పుగానీ 450 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తెరుచుకునే భాగం అడుగు అంచు గది నేల నుంచి 1100 మిల్లీమీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. చాలామంది 450 బై 450 చాలనుకుంటారు. గుణించి చూడండి, 0.2025 వస్తుంది. వెడల్పు 450 ఉంటే ఎత్తు దాదాపు 735 కావాలి. కిటికీ చేత్తో పట్టుకోకుండానే తెరిచి నిలవాలి. తాళం ఉండొచ్చని నియమం ఒప్పుకుంటుంది. కానీ తాళంచెవి చీకట్లో చేతికి అందే చోట లేకపోతే ఆ ఒప్పుకోలు ఎవరికీ పనికిరాదు.

మామూలు రెండంతస్తుల సెమీ (ఒక పక్క గోడ పక్కింటితో కలిసినవి), టెరస్ (వరసగా అతుక్కుని కట్టినవి) ఇళ్లలో మాత్రం లాఫ్ట్ నేల 4.5 మీటర్లు దాటుతుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

రెండంతస్తుల ఇంటికి లాఫ్ట్: ఖర్చు పైన కాదు, కింద

ఇక్కడ కావాల్సింది రక్షిత మెట్లు. అంటే లాఫ్ట్ గది తలుపు నుంచి ఇంటి బయటి తలుపు దాకా మెట్లూ, ల్యాండింగులూ, హాలూ అన్నీ కలిపి 30 నిమిషాలు మంటను ఆపే గోడల మధ్య ఉండాలి. ఆ దారిలోకి తెరుచుకునే తలుపులు కనీసం 20 నిమిషాలు ఆగే ఫైర్ డోర్లు కావాలి. కొత్త మెట్లకు మాత్రమే ఇది వర్తిస్తుందని అనుకోవద్దు, మొత్తం దారికి వర్తిస్తుంది. పైన ఒక గది కడితే మొదటి అంతస్తు పడకగదుల తలుపులు, కింద హాల్ తలుపు, వంటింటి తలుపు అన్నీ లెక్కలోకి వస్తాయి.

పుస్తకం ప్రకారం ఎఫ్‌డీ 20, అంటే 20 నిమిషాలు ఆగే ఫైర్ డోర్, చాలు. కానీ దుకాణాల్లో ఆ రకం దొరకడం అరుదు. అందరూ ఎఫ్‌డీ 30 కొనేస్తారు, మంచిదే. తలుపు ఒక్కటే మార్చి పాత ఫ్రేమ్ వంకరగా వదిలేస్తే ప్రయోజనం లేదు. చుట్టూ సందు సన్నగా, సమంగా ఉండాలి. అంచులో వేసే ఇంట్యూమెసెంట్ పట్టీ వేడికి ఉబ్బి ఆ సందును మూయాలి. విక్టోరియన్ ఇళ్లలో తలుపు పైన గాజు పలక ఉంటుంది, అందంగా ఉంటుంది, మంటకు మాత్రం నిమిషాల్లో పగులుతుంది. దాని స్థానంలో ఫైర్ గ్లాస్ వేయడమో, పలకలతో మూసేయడమో తప్పదు. పాత తలుపులు చూడచక్కనివై ఉంచుకోవాలనుకుంటే వాటినే బలపరిచే పద్ధతులున్నాయి, ఇన్‌స్పెక్టర్‌ని ముందే అడగాలి. బాత్రూం తలుపు మార్చకుండా తప్పించుకునే వీలు చాలా ఇళ్లలో ఉంటుంది, బాత్రూంకీ పక్క గదులకీ మధ్య గోడ గట్టిదైతే.

తమాషా ఏమిటంటే ఈ తలుపులకు వాటంతటవే మూసుకునే స్ప్రింగులు ఇంటి లోపల అక్కర్లేదు. ఇంటికి అతుక్కుని ఉన్న గ్యారేజీ తలుపుకు తప్ప. పిల్లలున్న ఇళ్లలో జనం వాటికి చెక్క ముక్కలు అడ్డం పెట్టడమో, పీకేయడమో చేసేవారు, అందుకని ఆ నియమం ఎత్తేశారు. ఇప్పుడు భారమంతా అలవాటు మీద పడింది. రాత్రి పడుకునే ముందు వంటింటి తలుపూ హాల్ తలుపూ వేసుకునే అలవాటు లేని ఇంట్లో వెయ్యి పౌండ్ల ఫైర్ డోర్లు పెట్టినా అవి అలంకారమే.

ఒక పాత సలహా ఇంకా తిరుగుతూనే ఉంది: “లాఫ్ట్‌లో పెద్ద రూఫ్ కిటికీ పెడితే చాలు, నిచ్చెన వేసి దింపుతారు.” ఒకప్పుడు ఆ పద్ధతికి పుస్తకంలో చోటుండేది నిజమే. 2007లో అమల్లోకి వచ్చిన ఎడిషన్‌తో అది పోయింది. మీ పక్కింటివాళ్ల లాఫ్ట్ 2003లో కట్టిందైతే, వాళ్లకు చెల్లింది మీకు చెల్లదు. ఎవరైనా బిల్డర్ ఇప్పటికీ ఈ మాట అంటున్నాడంటే అతని కొటేషన్ పక్కన పెట్టేయడానికి అది చాలిన కారణం.

నేలల సంగతి. లాఫ్ట్‌కి వేసే కొత్త నేల పూర్తిగా 30 నిమిషాలు ఆగాలి. ఇప్పటికే ఉన్న మొదటి అంతస్తు నేలకు కొంత వెసులుబాటు ఉంది. ఒక్క అంతస్తు మాత్రమే కలుపుతూ, అందులో రెండు గదులకు మించకుండా, మొత్తం 50 చదరపు మీటర్లు దాటకుండా ఉంటే, ఆ పాత నేల బరువు మోయడంలో 30 నిమిషాలు, మంటనీ వేడినీ ఆపడంలో 15 నిమిషాలు నిలిస్తే చాలంటారు. కానీ ఇది గదికీ గదికీ మధ్య నేలకే. తప్పించుకునే దారి కింద ఉన్న భాగానికి పూర్తి 30 కావాలి. మామూలు కుటుంబానికి ఒక పడకగది, ఒక ఆఫీసు గది చాలు కాబట్టి ఈ వెసులుబాటు లోపలే ఉండేలా డిజైన్ చేయించుకోండి. మూడో గది ఆశకు పోతే కింది సీలింగులన్నీ విప్పాల్సి రావచ్చు.

మెట్ల కింద అల్మారా గురించి ఎవరూ చెప్పరు. కరెంటు మీటరు, ఫ్యూజు పెట్టె, వాక్యూమ్ క్లీనర్, సూట్‌కేసులు అన్నీ అందులోనే. కొన్ని ఇళ్లలో పూజ గది కూడా అదే, దీపంతో సహా. అది తెరుచుకునేది సరిగ్గా రక్షిత దారిలోకి. లోపలి వైపు ఫైర్ బోర్డు కొట్టించి, తలుపు మార్పించడం చిన్న ఖర్చు. దీపం మాత్రం వేరే చోటికి మార్చడమే మేలు. ఎలక్ట్రిక్ స్కూటర్, సైకిల్ బ్యాటరీలు హాల్లో చార్జింగ్ పెట్టడం ఇంకా ప్రమాదం. లిథియం బ్యాటరీ అంటుకుంటే తప్పించుకునే దారి మధ్యలోనే మంట పుడుతుంది.

కింద ఓపెన్ ప్లాన్ ఉంటే

ముందు గది, వెనక గది, వంటిల్లు కలిపేసి, మెట్లు ఆ పెద్ద గదిలోకే దిగేలా చేసిన ఇళ్లు ఇప్పుడు ఎక్కువ. ఆ ఇంటికి లాఫ్ట్ కావాలంటే మూడు దారులున్నాయి.

మొదటిది, హాల్‌ని మళ్లీ గోడతో విడదీయడం. మనసొప్పదు. ఆ వెలుతురు కోసమే కదా గోడ తీయించింది. కానీ ఖర్చులోనూ, తర్వాత నిర్వహణలోనూ ఇదే తేలిక. ఫైర్ గ్లాస్ గోడ పెడితే వెలుతురు మిగులుతుంది, ధర పెరుగుతుంది.

రెండోది కొన్ని ఇళ్లకే కుదురుతుంది. ముందు గదికీ వెనక గదికీ మధ్య మెట్లు దిగే పాత టెరస్‌లలో, మెట్ల అడుగున చిన్న లాబీ కట్టి రెండు ఫైర్ డోర్లు పెడతారు. ఒకటి ముందు గదిలోకి, ఒకటి వెనక్కి. ముందుకీ వెనక్కీ మధ్య మంటను ఆపే గోడ ఉండి, రెండు వైపులా బయటికి తలుపులుంటే, ఒక పక్క మంటున్నా ఇంకో పక్క నుంచి పోవచ్చు. హాల్ లేని ఇళ్లకు ఇది చక్కటి పరిష్కారం. డ్రాయింగ్ వేసేవాళ్లు చాలాసార్లు దీన్ని మర్చిపోతారు, మీరే అడగండి.

మూడోది స్ప్రింక్లర్లు. ఇక్కడ అపోహలు ఎక్కువ. స్ప్రింక్లర్ పెట్టగానే అన్నీ వదిలేయరు. ఓపెన్ ప్లాన్ భాగమంతా స్ప్రింక్లర్లు ఉండాలి. కింది అంతస్తుకీ పై అంతస్తులకీ మధ్య మంటను ఆపే గోడ, ఫైర్ డోర్ ఉండాలి. ఆ తలుపు అమరిక ఎలా ఉండాలంటే, లాఫ్ట్‌లో ఉన్నవాళ్లు మొదటి అంతస్తులోని తప్పించుకునే కిటికీ దగ్గరికి చేరగలగాలి. ఆపైన వంట చేసే చోటును కూడా మంటను ఆపే గోడతో వేరు చేయాలి. అంటే ఓపెన్ కిచెన్ కాపాడుకోవడానికి స్ప్రింక్లర్ పెట్టించుకున్నవాళ్లు చివరికి కిచెన్‌కే గోడ కట్టాల్సి వస్తుంది. వాటర్ మిస్ట్ వ్యవస్థలకు నీళ్లు తక్కువ పడతాయి, కాని మీ వీధి నీటి ఒత్తిడి ముందు కొలిపించాలి. ఏటా తనిఖీ ఖర్చు కూడా ఉంటుంది. మొత్తం మీద, హాల్ గోడ మళ్లీ కట్టే వీలున్న ఇంట్లో స్ప్రింక్లర్ల జోలికి పోవద్దనే అంటాను.

ఇప్పటికే మూడంతస్తులున్న టౌన్‌హౌస్‌కి లాఫ్ట్ అనుకునేవాళ్లకు ఇంకో గీత ఉంది, 7.5 మీటర్లు. 4.5 దాటిన అంతస్తులు ఒకటికి మించి ఉంటే రక్షిత మెట్లు ఉన్నా చాలదు. 7.5 మీటర్లు, అంతకు పైనున్న అంతస్తుకు రెండో తప్పించుకునే దారి అయినా ఉండాలి, లేదా ఇల్లంతా స్ప్రింక్లర్లు అయినా ఉండాలి. అలాంటి ఇంట్లో సెల్లార్ (ఇప్పటికే ఉన్న నేల కింది గది) ఉంటే ముందు దాని వైపు చూడమంటాను.

బేస్‌మెంట్: రెండు దారుల్లో ఒకటి

బేస్‌మెంట్ నియమం చదవడానికి ఎంతో చిన్నది. అక్కడ నివాస గది ఉంటే, బయటికి పోవడానికి వీలైన తలుపో కిటికీయో బేస్‌మెంట్‌లోనే ఉండాలి. అది లేకపోతే అక్కడి నుంచి ఇంటి బయటి తలుపు దాకా రక్షిత మెట్లు ఉండాలి. రెండిట్లో ఒకటి చాలు.

ఓపెన్ ప్లాన్ ఇంటివాళ్లకు ఆ “చాలు” అన్న మాటే బంగారం. బేస్‌మెంట్ నుంచి నేరుగా తోటలోకి తలుపు ఉంటే, పైన ఓపెన్ ప్లాన్‌ని ముట్టుకోకుండా గది సంపాదించొచ్చు. వాలు స్థలంలో కట్టిన ఇళ్లకు, ముందు వైపు మెట్లతో దిగే పాత లైట్ వెల్ (కింది గదికి వెలుతురు కోసం ఇంటి పక్కన తవ్విన గొయ్యి) ఉన్న విక్టోరియన్ టెరస్‌లకు ఇది సహజంగానే కుదురుతుంది. అలాంటి ఇంట్లో లాఫ్ట్ కోసం ఆరేడు తలుపులు మార్చి, హాల్‌కి గోడ కట్టడం కంటే సెల్లార్‌ని సరిచేయడం తేలిక కావచ్చు.

లైట్ వెల్ కొత్తగా తవ్వాలంటే మాత్రం జాగ్రత్తగా చూడాలి. బ్రోషర్లలో కిటికీ కనబడుతుంది, దాని బయట ఏముందో కనబడదు. కిటికీ కొలతలు పైన చెప్పినవే. అది బయటికి తెరుచుకుంటే రెక్క వెల్ గోడకు తగిలి ఆగకూడదు. మనిషి దూరి బయటికి వచ్చాక నిలబడే చోటుండాలి. అక్కడి నుంచి పైకెక్కడానికి మెట్లో, గోడకు బిగించిన నిచ్చెనో ఉండాలి. పైన ఇనప జాలీ వేస్తే అది లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. దాని మీద చెత్త డబ్బాలు పెట్టకూడదు, కారు నిలపకూడదు. పైకి వచ్చాక మంటకు దూరంగా పోయే దారి ఉండాలి. నాలుగు వైపులా మూసుకుపోయిన చిన్న పెరట్లోకి తేలితే అది తప్పించుకోవడం కిందికి రాదు, ఇంటి ఎత్తు కన్నా ఎక్కువ దూరం ఆ పెరట్లో వెనక్కి జరగగలిగితే తప్ప.

ఇక్కడో మెలిక ఉంది. ఇప్పటికే ఉన్న సెల్లార్‌ని గదిగా మార్చుకోవడానికి మామూలుగా ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేదు. కొత్త లైట్ వెల్ వల్ల ఇంటి ముందు రూపం మారితే కావాల్సి రావచ్చు. అంటే అగ్ని నియమం కిటికీ వైపు తోస్తుంది, ప్లానింగ్ నియమం దాన్ని పట్టుకుని ఆపుతుంది. కన్జర్వేషన్ ఏరియాలో (పాత రూపం కాపాడే ప్రాంతంలో) ఉన్నవాళ్లు డ్రాయింగుల కంటే ముందు కౌన్సిల్‌తో మాట్లాడాలి. లోతుగా కొత్త బేస్‌మెంట్ తవ్వడం సంగతి వేరే. దానికి పర్మిషన్, పక్కింటివాళ్లకు పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) నోటీసు, పునాదుల ఇంజినీరింగ్, తడి రాకుండా చేసే పని అన్నీ కావాలి. లండన్‌లో కెన్సింగ్టన్ అండ్ చెల్సీ లాంటి బరోలు బేస్‌మెంట్ పరిమాణం మీదే గట్టి పరిమితులు పెట్టాయి.

లైట్ వెల్ కుదరకపోతే రెండో దారి, రక్షిత మెట్లు. బేస్‌మెంట్ మెట్లు హాల్లో తేలి, ఆ హాల్ నుంచి ముందు తలుపుకు పోయే ఇంట్లో ఇది పెద్ద పని కాదు. వంటింట్లోనో లివింగ్ రూమ్‌లోనో తేలితే మళ్లీ లాఫ్ట్ వాళ్ల కష్టాలే మీకూ వస్తాయి.

బేస్‌మెంట్ పైకప్పు, అంటే పైఅంతస్తు నేల, 30 నిమిషాలు ఆగాలి. పాత సెల్లార్లలో జాయిస్టులు (నేలను మోసే దూలాలు) బయటికే కనబడతాయి, వాటి మధ్య గ్యాస్ గొట్టాలు, వైర్లు పోతుంటాయి. కింద ప్లాస్టర్‌బోర్డు కొట్టడంతో పని అయిపోదు, గొట్టాలు దూరిన ప్రతి కంతా మూయాలి. సీలింగులో వరసగా లైట్లు దింపుకునే సరదా ఉంటే ప్రతి లైటూ బోర్డులో ఒక కంత అని గుర్తుంచుకోండి. ఆ సీలింగుకు సరిపోయే ఫైర్ రేటెడ్ లైట్లే వాడాలి.

“స్టోర్ రూమ్” అని రాయించుకోవచ్చా?

కొందరు బిల్డర్లు కన్ను గీటి చెప్పే మార్గం ఇది. డ్రాయింగులో స్టోర్ రూమ్ అనో యుటిలిటీ అనో రాస్తే నివాస గది నియమాలు రావు. నిజమే, రావు. తర్వాత అందులో సోఫా బెడ్ వేస్తారు, అమ్మానాన్న ఆరు నెలలకు వస్తే అక్కడే పడుకోబెడతారు. హోమ్ సినిమా, ఆఫీసు, ఆట గది కూడా మనుషులు గడిపే గదులే, కిటికీ లేనంత మాత్రాన స్టోర్ రూమ్ అయిపోవు. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటర్ కంప్లీషన్ సర్టిఫికెట్ (పని నియమాల ప్రకారం పూర్తయిందనే కాగితం) అడుగుతారు. అందులో స్టోర్ అని ఉన్న గదిని పడకగదిగా అమ్మలేరు. లాఫ్ట్‌లో మడత నిచ్చెన పెట్టి “బోర్డింగ్ (నేలకు పలకలు వేయడం) మాత్రమే చేయించాం” అనేవాళ్లది కూడా ఇదే పని. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పదలుచుకోలేదు. మనుషులు నిద్రపోయే గదిని కాగితం మీద స్టోర్ చేయడం మోసం, అందులో మోసపోయేది మన ఇంట్లోవాళ్లే.

ఆ గదిలో ఎవరు పడుకుంటారు?

నియమం దీన్ని అడగదు, మనం అడగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు లాఫ్ట్ కుదరదు, ఆ మాట అందరూ అంటారు. లైట్ వెల్ కిటికీలోంచి 1100 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కి, నిచ్చెన పట్టుకుని పైకి పోవడం వాళ్లకు అంతకన్నా కష్టం. పెద్దవాళ్ల కోసమైతే రక్షిత మెట్లున్న బేస్‌మెంటో, తోటలోకి తలుపున్న బేస్‌మెంటో చూడండి. లేదా వాళ్లకు మొదటి అంతస్తు గది ఇచ్చి మీరే లాఫ్ట్‌కి మారండి, చాలా ఇళ్లలో అదే చవకైన జవాబు. చిన్న పిల్లల్ని ఒంటరిగా లాఫ్ట్‌లో పడుకోబెట్టడం నాకు నచ్చదు. రాత్రి అలారం మోగితే వాళ్లను తీసుకురావడానికి తల్లిదండ్రులు పొగ వైపే ఎక్కాలి. యువకులకు, అతిథులకు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు లాఫ్ట్ భేషుగ్గా ఉంటుంది.

అలారాలు

ఇక్కడ రెండిటికీ తేడా లేదు. కొత్త గదిలో ఒకటి బిగిస్తే సరిపోదు, ఇల్లంతా కావాలి. ప్రతి అంతస్తులో హాల్లోనో ల్యాండింగులోనో, కరెంటుతో నడిచి బ్యాటరీ తోడున్నవి, ఒకటి మోగితే అన్నీ మోగేలా కలిపినవి ఉండాలి. ఏ గది తలుపుకైనా 7.5 మీటర్ల లోపు ఒకటుండాలి. సీలింగుకు పెట్టినవి గోడకూ లైటుకూ కనీసం 300 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. వంటింటికీ మెట్లకూ మధ్య తలుపు లేకపోతే వంటింట్లో హీట్ అలారం తప్పనిసరి. తలుపు ఉన్నా పెట్టించుకోండి, పోపు పొగకు అది మోగదు. బేస్‌మెంట్‌లో బాయిలరో, వాషింగ్ మెషీనో ఉంటే అక్కడ కూడా ఒకటి అదనంగా పెట్టించాలి. పెద్ద ఖర్చేమీ కాదు.

కాగితాలు

పర్మిటెడ్ డెవలప్‌మెంట్ (విడిగా పర్మిషన్ అడగకుండా చేసుకోనిచ్చే పనులు) కింద లాఫ్ట్‌కి ప్లానింగ్ పర్మిషన్ అక్కర్లేకపోయినా, టెరస్‌కి 40 ఘనపు మీటర్లు, సెమీకి, డిటాచ్డ్‌కి 50 అనే పరిమితి లోపలే ఉన్నా, బిల్డింగ్ రెగ్యులేషన్స్ నుంచి మినహాయింపు ఉండదు. ఈ రెండిటినీ కలిపి అనుకోవడం వల్లే చాలామందికి టెన్షన్. బిల్డింగ్ కంట్రోల్‌కి ఫుల్ ప్లాన్స్ పద్ధతిలో వెళ్లండి. బిల్డింగ్ నోటీసు వేగంగా అయిపోతుంది గానీ డ్రాయింగులు ముందు ఎవరూ చూడరు. తప్పు గోడ లేచాక బయటపడుతుంది. అగ్ని నియమాలున్న పనికి ఆ జూదం వద్దు. మీది ఫ్లాట్ అయితే ఇక్కడ చెప్పిన లెక్కలు చాలావరకు వర్తించవు. లీజు, ఫ్రీహోల్డర్, ఉమ్మడి మెట్లు అన్నీ మధ్యలోకి వస్తాయి.

ఏ ఇంటికి ఏది?

బంగ్లాకి లాఫ్ట్. మూసిన హాల్ ఉన్న రెండంతస్తుల సెమీకి కూడా లాఫ్టే, తలుపుల ఖర్చు మొదటి రోజే బడ్జెట్‌లో రాసుకుని. కింద ఓపెన్ ప్లాన్ ఉండి సెల్లార్ లేని ఇంటికి లాఫ్టే, హాల్ గోడ మళ్లీ కట్టడానికి మనసు సిద్ధం చేసుకుని. గది కోసం కొత్తగా భూమి తవ్వడం ఈ సమస్యకు జవాబు కాదు, దాని ఖర్చులో పది గోడలు లేస్తాయి. ఓపెన్ ప్లాన్ ఉండి, నిలబడే ఎత్తున్న పాత సెల్లార్, ముందు లైట్ వెల్ కూడా ఉన్న టెరస్‌కి బేస్‌మెంట్. మూడంతస్తుల టౌన్‌హౌస్‌కీ అదే, సెల్లార్ ఉంటే. లేకపోతే స్ప్రింక్లర్ కొటేషన్ చేతికి వచ్చేదాకా లాఫ్ట్ గురించి ఎవరికీ మాటివ్వకండి.

రెండూ చేయించాలనుకునేవాళ్లు ఒకేసారి డ్రాయింగ్ వేయించుకోవాలి, పని విడివిడిగా చేయించినా సరే. అడుగు నుంచి పైదాకా మెట్లు ఒకటే అయినప్పుడు బేస్‌మెంట్ పొగ లాఫ్ట్ దాకా పోతుంది. బేస్‌మెంట్ మెట్ల పైకొసన ఒక ఫైర్ డోర్ పెట్టించడం నియమం అడిగినా అడగకపోయినా చేయాల్సిన పని. ఇంకొకటి, తోట వైపు భూమి తవ్వి బేస్‌మెంట్‌కి తలుపు పెడితే ఇంటి వెనక భూమట్టం కిందికి పోతుంది. అంతస్తు ఎత్తు కొలిచేది తక్కువ మట్టం ఉన్న వైపు నుంచి. నిన్నటిదాకా 4.5 లోపల ఉన్న మొదటి అంతస్తు నేల ఆ తవ్వకంతో గీత దాటొచ్చు, లాఫ్ట్ నేల 7.5 చేరొచ్చు. అందుకని బేస్‌మెంట్ తవ్వకం మొదలుపెట్టక ముందే కొత్త మట్టం నుంచి ప్రతి నేల ఎత్తూ డ్రాయింగు మీద వేయించి, బిల్డింగ్ కంట్రోల్ చేత రాతపూర్వకంగా ఒప్పించుకోండి.